సత్తు రూపాయిని పట్టుకోవడం: పాత వెండి నాణేల్లో లోహపరీక్ష

ఇంట్లో పెద్దవారు దాచి ఉంచిన పాత వెండి రూపాయలనైనా, సంతలో కొన్నవాటినైనా పరీక్షించే ముందు అసలు నాణెం లెక్క తెలిసి ఉండాలి. బ్రిటిష్ ఇండియా రూపాయి 1835 నుంచి 1939 వరకు ఒకే ప్రమాణంలో తయారైంది. దాని బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు, అందులో వెండి 91.7 శాతం, మిగిలింది రాగి. వ్యాసం సుమారు 30.5 మిల్లీమీటర్లు. ఈ బరువే పాత తులం. ఇవాళ బంగారు కొట్లలో పది గ్రాములను తులం అంటున్నారు గనుక ఆ లెక్కతో తూచి కంగారు పడవద్దు.

దొంగ నాణెం చేసేవాడికి ఒక చిక్కు ఉంది. వెండి బరువైన లోహం. ఘన సెంటీమీటరు శుద్ధ వెండి 10.49 గ్రాములు తూగుతుంది, రూపాయి మిశ్రమమైతే దాదాపు 10.3 గ్రాములు. రాగి 8.96, జర్మన్ సిల్వర్ (రాగి, నికెల్, జింక్ కలిపిన మిశ్రమం, పేరులో తప్ప అందులో వెండి ఉండదు), ఇత్తడి 8.4 నుంచి 8.7 వరకు, తగరం 7.3, తుత్తునాగం (జింక్) 7.1 మాత్రమే తూగుతాయి. అందువల్ల ఈ లోహాలతో అసలు కొలతల్లోనే నాణెం పోస్తే అది తేలికగా ఉంటుంది. బరువు సరిపెట్టాలంటే మందమో వ్యాసమో పెంచక తప్పదు. బరువూ కొలతలూ రెండూ కలిపి చూసినప్పుడే మోసం బయటపడుతుంది. బరువు ఒక్కటే చూసి నమ్మేవారే ఎక్కువగా మోసపోతారు.

మొదట గ్రాములో వందో వంతు చూపే చిన్న త్రాసు మీద తూచండి. చేతులు మారి అరిగిన నాణెం కొంత బరువు తగ్గడం సహజమే. ఎంత తగ్గుదలను సహించవచ్చో చెప్పడానికి పాత చట్టమే మంచి కొలత. 1906 నాటి నాణేల చట్టం ప్రకారం ప్రామాణిక బరువులో రెండు శాతానికి మించి తగ్గిన రూపాయి చెల్లుబాటు కాదు, అంటే 11.43 గ్రాముల దగ్గర గీత గీయవచ్చు. బొమ్మ, అక్షరాలు బాగా అరిగిపోయి 11.45 గ్రాములు తూగితే అనుమానించనక్కరలేదు. రాజుగారి గడ్డంలో వెంట్రుకలు కూడా స్పష్టంగా కనబడుతూ 10.5 మాత్రమే తూగే నాణేన్ని మాత్రం పక్కన పెట్టాలి. అసలు నాణెం బరువు పెరగదు గనుక 11.8 దాటినదాన్ని కూడా అనుమానించాల్సిందే.

ఇక్కడ తెలంగాణ వారికి ఒక హెచ్చరిక. నిజాం రాజ్యపు హాలి సిక్కా రూపాయి, అంటే చార్మినార్ బొమ్మ ఉన్నది, బ్రిటిష్ రూపాయి కంటే తేలిక. దాని బరువు సుమారు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. బ్రిటిష్ లెక్కతో తూచి దాన్ని దొంగదనడం అన్యాయం. చార్మినార్ ద్వారంలో మీమ్ (م) అనే ఉర్దూ అక్షరం ఉంటే మహబూబ్ అలీ ఖాన్ కాలపుది, ఐన్ (ع) ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్ కాలపుది.

బరువు సరిపోయిన నాణేన్ని, నిజమైనదని ముందే తెలిసిన అదే రకం నాణెం పక్కన బల్ల మీద ఉంచి అంచుల మీదుగా గోరు జరిపి చూడండి. అదే వ్యాసంతో, అదే బరువుతో జర్మన్ సిల్వర్ నాణెం ఉండాలంటే అది అసలు కంటే ఇంచుమించు ఐదో వంతు ఎక్కువ మందంగా ఉండాలి. అంత తేడా గోటికి స్పష్టంగా తగులుతుంది. సరాఫులు, అంటే నాణేలు పరీక్షించి మార్చే వ్యాపారులు, రూపాయలను దొంతరలుగా పేర్చి ఎత్తు పోల్చడం వెనుక ఉన్న లెక్క కూడా ఇదే.

అన్నిటికంటే నమ్మకమైనది నీటి పరీక్ష. త్రాసు మీద చిన్న ప్లాస్టిక్ కప్పులో నీళ్లు పోసి, అంకెను సున్నాకు తెచ్చుకోవాలి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, గోడలకూ అడుగుకూ తగలకుండా పూర్తిగా నీటిలో మునిగేలా చేత్తో పట్టుకోవాలి. అప్పుడు త్రాసు చూపే గ్రాములే ఆ నాణెం ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. పొడిగా తూచిన బరువును ఆ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. పూర్తి బరువున్న అసలు రూపాయికి నీటిలో 1.13 దగ్గర కనిపిస్తుంది, 11.66 బై 1.13 అంటే 10.3. అదే బరువున్న జర్మన్ సిల్వర్ నాణేనికి 1.36, వెండి పూత పూసిన రాగి నాణేనికి 1.30 దగ్గర చూపుతుంది. హాలి రూపాయికి రావలసిన సాంద్రత 10.2. అక్షరాల సందుల్లో గాలి బుడగలు చిక్కుకుంటే ఘనపరిమాణం ఎక్కువగా కనిపించి మంచి నాణెం కూడా దొంగదిలా తేలుతుంది గనుక, నీటిలో ఒక్క చుక్క సబ్బు కలిపి, నాణేన్ని రెండు మూడుసార్లు ముంచి తీసిన తరువాతే అంకె చదవండి.

ఈ పరీక్షను దాటగల మోసం ఒకటుంది. సీసం వెండి కంటే బరువు, తగరం తేలిక. నాలుగు పాళ్లకు పైగా సీసంలో ఒక పాలు తగరం కలిపితే మిశ్రమం సాంద్రత వెండి రూపాయి దగ్గరికే వస్తుంది. అయితే ఆ మిశ్రమం మోగదు. నాణేన్ని వేలి కొన మీద నిలిపి మరో నాణెంతో అంచుకు మెల్లగా తట్టండి. వెండి అయితే ఖంగుమని సన్నగా మోగి కాసేపు నిలుస్తుంది, సీసపు నాణెం టప్పుమని ఆగిపోతుంది. సీసం మెత్తన కూడా. దాని అంచును తెల్ల కాగితం మీద నొక్కి గీస్తే బూడిదరంగు చార పడుతుంది. మోత లేనంత మాత్రాన తీర్పు చెప్పకండి. మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికించిన రూపాయి, కంటికి కనబడని చీలిక ఉన్న రూపాయి వెండివే అయినా మూగబోతాయి.

అయస్కాంతం త్వరగా పని తేలుస్తుంది, కానీ నాణెం ఏ సంవత్సరానిదో తెలియక వాడితే తప్పుదారి పట్టిస్తుంది. వెండి రూపాయి అతుక్కోకూడదు. అతుక్కుంటే లోపల ఇనుమో నికెలో ఉన్నట్టు. 1947 రూపాయి మాత్రం నికెల్‌తోనే చేశారు, 1950 నాటి రూపాయి కూడా నికెలే, కాబట్టి అవి అతుక్కోకపోతేనే అనుమానించాలి. నాణేన్ని ఏటవాలుగా పట్టుకుని చిన్న నియోడైమియం అయస్కాంతాన్ని దాని మీదుగా జార్చి చూడండి. వెండి మీద అది ఆగి ఆగి దిగుతుంది, జర్మన్ సిల్వర్ మీద జర్రున జారిపోతుంది. రాగి కూడా దాన్ని నెమ్మదింపజేస్తుంది గనుక పూత నాణేలకు ఈ పద్ధతి చాలదు.

యుద్ధకాలం రూపాయల లెక్క వేరు. 1940లో వెండిని 50 శాతానికి తగ్గించి 40 శాతం రాగి, ఐదేసి శాతం నికెల్, తుత్తునాగం కలిపారు, బరువు మార్చలేదు. వీటి సాంద్రత 9.5 దగ్గర ఉంటుంది, రంగులో కూడా పాత రూపాయి తెలుపు ఉండదు. దొంగ నాణేలను అడ్డుకోవడానికే అంచు పళ్ల మధ్య గాడి తీసిన కొత్త రకం అంచును అప్పుడు తెచ్చారు. ఆ కాలపు తేదీ ఉండి గాడి లేని నాణేన్ని జాగ్రత్తగా చూడండి.

కంటితో చూసేటప్పుడు భూతద్దాన్ని ముందు ఎత్తైన చోట్ల పెట్టండి: రాజు చెంప, చెవి, కిరీటం, అంచు. పూత అరిగితే మొదట అక్కడే రాగి ఎరుపో ఇత్తడి పసుపో బయటపడుతుంది. తరువాత అంచు చుట్టూ తిప్పి చూడండి. పోత పోసిన నాణేనికి అచ్చు రెండు సగాలు కలిసిన చోట సన్నని గీత, లేదా దాన్ని ఆకురాయితో అరగదీసిన జాడ ఉంటుంది. అక్షరాల మొదళ్లు గుండ్రంగా కరిగినట్టుండి, బొమ్మ, అక్షరాలు లేని చదును భాగం మీద సూదిమొన గుంటలు కనిపిస్తాయి. సరాఫులు పరీక్షించి వేసిన చిన్న ముద్రలను మాత్రం లోపంగా లెక్కించకూడదు. ఆ గుంట లోపల కూడా తెల్లగా ఉంటే అది అసలుకు సాక్ష్యమే.

కంసాలి గీటురాయి, ఆమ్లం ఈ పనికి వద్దు. గీసిన గీత సేకర్తల దగ్గర ధరను పడగొడుతుంది, చింతపండుతో తోమడమూ అంతే. నగల దుకాణంలోని ఎక్స్‌రే యంత్రం గీత పడకుండానే లోహాల పాళ్లు చెబుతుంది గానీ పైపొరను మాత్రమే చదువుతుంది. మందమైన వెండి పూతను అది వెండి అనే చెప్పగలదు, కాబట్టి దాని చీటీని నీటి పరీక్షతో కలిపి చదవాలి.

లోహం సరైనదని తేలినా నాణెం అసలుదని తేలినట్టు కాదు. 1939 వెండి రూపాయి అరుదు గనుక, మామూలు వెండి రూపాయి మీదే అంకె మార్చి అమ్మేవారుంటారు. అక్కడ భూతద్దం చివరి అంకె చుట్టూ తిరగాలి. ఒకవైపు సీతారాముల పట్టాభిషేకం, మరోవైపు ఈస్ట్ ఇండియా కంపెనీ పేరు, 1818 తేదీ ఉన్న అర్ధణాలకు ఈ పరీక్షలేవీ అక్కరలేదు. కంపెనీ అలాంటి నాణేన్ని ఎన్నడూ వేయలేదు.