మలేయలేయా నుంచి సెమోంకాంగ్: లెసోతో కొండల్లో ఊరి నుంచి ఊరికి నడిచేవాళ్లకు

లెసోతోకు నాలుగు వైపులా దక్షిణాఫ్రికాయే. దేశం మొత్తంలో అతి పల్లపు నేల కూడా సముద్రమట్టానికి దాదాపు 1,400 మీటర్ల ఎత్తున ఉంటుంది. మలూటి కొండల్లోకి వెళ్తే ఊళ్లు, పొలాలు, మేతబీళ్లు అన్నీ 1,800 మీటర్ల పైనే. వాటిలో చాలా ఊళ్లకు ఇప్పటికీ బండి వెళ్లే దారి లేదు. రంగు గుర్తులు వేసిన ట్రెక్కింగ్ బాట, కిలోమీటరు రాళ్లు, క్యాంపు సైట్లు వెతక్కండి, ఉండవు. ఉన్న బాటలన్నీ ఊరివాళ్లు నీళ్లకు, బడికి, పిండిమరకు, దుకాణానికి నడిచి నడిచి పడినవి. అందుకని రోజుకు ఇన్ని కిలోమీటర్లని లెక్క వేసుకోవడం దండగ. ఏ ఊళ్లో పడుకోవాలి, మధ్యలో ఏ ఏరు దాటాలి, దాన్ని ఏ వేళకు దాటాలి. ఈ మూడూ తేలితే ప్లాను అయిపోయినట్టే.

మొదటిసారి వెళ్లేవాళ్లకు మలేయలేయా నుంచి సెమోంకాంగ్ దారి మంచిది. నడకకు నాలుగైదు రోజులు పెట్టుకోవాలి. మలేయలేయా నుంచి మఖలెంగ్ నది లోయలోకి దిగి, రిబనెంగ్ జలపాతం, కెతానె జలపాతం చూసుకుంటూ వెళ్తే చివర్లో 192 మీటర్ల నుంచి ఒకే దూకుగా పడే మలెత్సున్యానె వస్తుంది. ఎదురు దిక్కున కూడా నడవొచ్చు గానీ ఇటు నుంచి అటే మేలు. మొదలు తక్కువ ఎత్తులో, చివర దాదాపు 2,200 మీటర్ల దగ్గర కాబట్టి ఒళ్లు మెల్లగా అలవాటు పడుతుంది. పైగా సెమోంకాంగ్‌కు తారురోడ్డు ఉంది, తిరుగు బస్సు దొరుకుతుంది.

ఎప్పుడు వెళ్లాలి

ఏప్రిల్, మే నెలలు అన్నిటికన్నా బాగుంటాయి. వానలు తగ్గి ఏళ్లు దిగుతాయి, పొలాల్లో మొక్కజొన్న, జొన్న కోతకొస్తాయి. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో కూడా పర్వాలేదు కానీ గాలి, దుమ్ము ఎక్కువ. నవంబరు నుంచి మార్చి దాకా మధ్యాహ్నం ఉరుముల వానలు. కొండలు పచ్చగా ఉండేదీ అప్పుడే, ఏళ్లు దారి మూసేసేదీ అప్పుడే. అక్కడ జూన్, జులై చలికాలం, పగలు ఎండ కాస్తుంది, రాత్రి సున్నాకు చాలా కిందికి పోతుంది. పశువులను ఊళ్లకు దింపేస్తారు కాబట్టి ఎత్తైన మేతబీళ్లలో గొర్రెల కాపరుల గుడిసెలు ఖాళీగా ఉంటాయి. దారి తప్పితే అడగడానికి మనిషి కనబడడు. మంచు మాత్రం పైకొండల్లో ఏ నెలలోనైనా పడొచ్చు. వేసవి కదా అని ఉన్ని టోపీ, చేతి తొడుగులు ఇంట్లో వదిలేయకండి.

కాగితాలు, డబ్బు

భారతీయ పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. దక్షిణాఫ్రికా మీదుగానే లెసోతోలోకి వెళ్లాలి, దాని మీదుగానే తిరిగి రావాలి. కాబట్టి దక్షిణాఫ్రికా వీసా మల్టిపుల్ ఎంట్రీదై ఉండాలి. సింగిల్ ఎంట్రీతో సరిహద్దులోని మసేరు వంతెన దాటితే వెనక్కి రావడానికి కుదరదు. లెసోతో వీసా నియమాలు విడిగా, బయల్దేరే ముందు మళ్లీ ఒకసారి చూసుకోండి. ఆడిస్ అబాబా, నైరోబీ లాంటి చోట్ల విమానం మారుతూ 12 గంటలు దాటి ఆగితే దక్షిణాఫ్రికా ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ అడుగుతుంది. టికెట్ కొనేటప్పుడే ఆ గంటలు లెక్కపెట్టుకోవాలి.

లెసోతో డబ్బు లోతి. ఒకటికి మించితే మలోతి అంటారు. ఒక లోతి విలువ సరిగ్గా ఒక దక్షిణాఫ్రికా రాండు, రాండ్లు దేశమంతా చెల్లుతాయి. ఏటీఎంలు పట్టణాల్లోనే ఉంటాయి. నడకకు కావలసిందంతా 10, 20, 50 నోట్లుగా మార్చుకుని పెట్టుకోండి. 200 నోటుకు ఊళ్లో చిల్లర దొరకదు.

మలేయలేయా చేరడానికి రాజధాని మసేరు నుంచి దక్షిణంగా మొత్సెకువా కూడలి దాకా వెళ్లి అక్కడ మలుపు తిరగాలి. మినీబస్సులకు టైమంటూ ఉండదు, నిండితే కదులుతాయి. పొద్దున్నే వెళ్తే రెండు మూడు గంటల్లో నిండుతుంది. మధ్యాహ్నం వెళ్తే ఆ రోజు కదులుతుందన్న నమ్మకం లేదు.

మూట, గుర్రం

అంతా వీపున మోస్తే మూట 12 కిలోలు దాటనివ్వకండి. ఏప్రిల్, మేకి కనీసం మైనస్ 5 డిగ్రీలకు సరిపడే స్లీపింగ్ బ్యాగ్ కావాలి. నడుము దాటే మంచి రెయిన్ కోటు, మడమ పైదాకా పట్టే బూట్లు, రెండు కర్రలు, రెండు మూడు లీటర్ల నీళ్లు పట్టే సీసాలు పెట్టుకోవాలి. ఫోనులో ఆఫ్‌లైన్ మ్యాపు, 1:50,000 స్కేలు కాగితం మ్యాపు రెండూ ఉండాలి. ఊళ్లలో కరెంటు ఉంటుందనుకోకుండా పవర్ బ్యాంకు నింపుకోండి. సిగ్నల్ లోయలో పోతుంది, గట్టెక్కితే వస్తుంది.

గుర్రాన్ని, దానితోపాటు ఒక మనిషినీ మాట్లాడుకోవడమే మా సలహా. మలేయలేయాలోనూ సెమోంకాంగ్‌లోనూ లాడ్జిల ద్వారా ఇది తేలిగ్గా కుదురుతుంది. బసోతో పోనీ అనే ఇక్కడి గుర్రం పొట్టిగా ఉన్నా రాళ్ల దారిలో మనకన్నా నిలకడగా అడుగేస్తుంది. దానికి సూట్‌కేసులు, ఫ్రేము ఉన్న బ్యాగులు పనికిరావు. మెత్తటి సంచులు రెండు, రెండిట్లోనూ సమానమైన బరువు ఉండాలి. ఒక పక్క రెండు కిలోలు ఎక్కువైనా జీను పక్కకు జారి గుర్రం వీపు ఒరుసుకుపోతుంది. సామాను ముందు ప్లాస్టిక్ సంచిలో, తర్వాత గుడ్డ సంచిలో పెట్టండి. ఏరు దాటేటప్పుడు కింది భాగం తడుస్తుంది.

ఎక్కువమంది చేసే తప్పు అన్నీ గుర్రం మీద వేసేయడం. నిట్టనిలువు చోట్ల గుర్రానికి వేరే చుట్టుదారి ఉంటుంది, గంట సేపు అది కనబడదు. రెయిన్ కోటు, ఉన్ని చొక్కా, నీళ్లు, మందులు, పాస్‌పోర్టు ఎప్పుడూ మీ దగ్గరి చిన్న సంచిలోనే ఉండాలి.

తిండి, పొయ్యి, నీళ్లు

మనిషికి రోజుకు 600 నుంచి 700 గ్రాముల పొడి తిండి సరిపోతుంది. 2,500 మీటర్ల దగ్గర నీళ్లు 92 డిగ్రీలకే మరుగుతాయి, కందిపప్పు ఎంతకీ ఉడకదు. కాబట్టి అటుకులు, వేయించిన రవ్వ, నూడుల్స్, వేరుసెనగ గుళ్లు లాంటివే పెట్టుకోండి. విత్తనాలు, పాలు, మాంసం పదార్థాలకు సరిహద్దుల్లో ఆంక్షలుంటాయి కాబట్టి ఇండియా నుంచి మూట కట్టుకెళ్లే బదులు దక్షిణాఫ్రికాలోనే కొనుక్కోవడం తేలిక. డర్బన్ అంగళ్లలోనూ జొహానెస్‌బర్గ్ ఫోర్డ్స్‌బర్గ్‌లోనూ మనకు కావలసిన దినుసులన్నీ దొరుకుతాయి. గ్యాసు డబ్బాలు విమానంలో తేనివ్వరు, లెసోతో పల్లెల్లో దొరకవు. అవి కూడా సరిహద్దు దాటకముందే కొనాలి. ఇద్దరికి నాలుగు రోజులకు 230 గ్రాముల డబ్బా ఒకటి సరిపోతుంది, గాలి ఎక్కువుంటే ఒకటిన్నర అవుతుంది. పల్లె దుకాణాల్లో తేలిగ్గా దొరికేది కిరసనాయిలే. అక్కడ పారఫిన్ అని అడగాలి.

కట్టెల మంట వేయకండి. ఈ కొండల్లో చెట్లు బహు తక్కువ. ఊరివాళ్లు ఎండిన పేడ, తుప్పలు ఏరి వంట చేసుకుంటారు. మీరు సరదాకు కాల్చే కట్టె ఎవరిదో ఒకరి రేపటి వంటచెరకు.

ఏటి నీళ్లు ఎంత తేటగా ఉన్నా పైన పశువులు ఉన్నాయనే అనుకోండి. 2,000 మీటర్ల పైన నీళ్లు మూడు నిమిషాలు తెర్లాలి. గ్యాసు మిగుల్చుకోవాలంటే ఫిల్టరు, లేదా క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగడం. ఊళ్లలో ఊటకు సిమెంటు కట్టి పైపు పెట్టిన చోటు ఉంటుంది, అక్కడే పట్టుకోండి. మలేరియా బెడద ఇక్కడ లేదు.

రోజు గడియారం

వానాకాలంలో ఆకాశానికి ఒక వరస ఉంటుంది. పొద్దున తేటగా ఉంటుంది. పదకొండుకల్లా గట్ల మీద తెల్లటి మబ్బు గుట్టలు లేస్తాయి. రెండింటికి నల్లబడి ఉరుముతుంది. అందుకే తెల్లవారగానే నడక మొదలుపెట్టి మధ్యాహ్నం లోపు ఎత్తైన కనుమలు దాటేయాలి. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు కూడా లేకపోతే గట్టు దిగిపోండి. ఒంటి చెట్టు కిందికీ రాతి దొడ్డి గోడ పక్కకీ చేరకండి. దిగడానికి వీల్లేకపోతే మూట మీద గొంతుక్కూర్చుని, ఒకరికొకరు పదిహేను ఇరవై మీటర్ల ఎడంగా ఉండాలి.

ఏరు విషయంలోనూ పొద్దునే మంచిది. నిన్నటి వాన నీరు రాత్రికి దిగిపోతుంది. మీ తల మీద ఎండ కాస్తున్నా పైలోయలో కురిస్తే సాయంత్రానికి ఏరు పొంగుతుంది. నీళ్లు ఎర్రబడినా, పుల్లలు కొట్టుకొస్తున్నా, అడుగున రాళ్లు దొర్లే చప్పుడు వినబడినా దిగొద్దు. ప్రవాహం వేగంగా ఉండి మోకాలు దాటితే అది దాటే ఏరు కాదు. దాటేటప్పుడు బూట్లు విప్పకండి, మూట నడుము పట్టీ వదులు చేయండి, ముఖం ఎగువకు తిప్పి కర్ర ఆన్చి పక్కకు అడుగులేయండి. ఇరుకు చోటు చూసి దగ్గరని ఆశపడొద్దు, లోతంతా అక్కడే ఉంటుంది. నీళ్లు వెడల్పుగా పరుచుకున్న చోటు వెతకాలి. గుర్రం దాటింది కదా అని దిగడం కూడా తప్పే, దాని కాళ్లు నాలుగు.

ఊళ్లోకి వెళ్లే పద్ధతి

దారిలో ఎవరు ఎదురైనా పలకరింపు లేకుండా దాటిపోవడం మర్యాద కాదు. వాళ్ల సెసోతో భాషలో మగవారైతే ‘దుమేలా న్తాతే’, ఆడవారైతే ‘దుమేలా మ్మే’. పుస్తకాల్లో మొదటి అక్షరం ‘ల’ అని రాసి ఉంటుంది, పలికేది ‘ద’. ‘ఉ పేలా జ్వాంగ్’ అని బాగోగులు అడిగితే ‘కె పేలా హాన్‌ట్లే’ అనండి. కృతజ్ఞతకు ‘కెయా లెబోహా’. ఇవి వచ్చాకే దారి అడగాలి. పలకరింపు లేకుండా నేరుగా దారి అడిగితే ముక్తసరి జవాబే వస్తుంది.

దారి అడగడంలోనూ కిటుకుంది. ‘ఇటేనా?’ అని చెయ్యి చూపిస్తే మర్యాదకు అవుననే అంటారు. ‘ఫలానా ఊరికి ఎటు?’ అని అడిగి వాళ్ల చెయ్యే చూడండి. ‘దగ్గరే’ అంటే అది వాళ్ల కాళ్లకు దగ్గర, లేదా గుర్రానికి. మీ సమయం రెండింతలు వేసుకోండి. ఊరి పేరుకు ముందు ‘హా’ ఉంటే అది ఆ పేరుగల పెద్దమనిషి ఊరని అర్థం. ఒకే పేరుతో చాలా ఊళ్లుంటాయి కాబట్టి పక్కన పారే ఏటి పేరు కూడా కలిపి అడగాలి.

రాత్రికి ఆగాలంటే సాయంత్రం నాలుగింటికల్లా ఊరు చేరండి. ఎవరి వాకిట్లోకీ నేరుగా పోకుండా కాస్త దూరంలో నిలబడి పలకరించి, ఊరిపెద్ద ఇల్లెక్కడో అడగండి. ఆ పెద్దను మొరెనా అంటారు, ఆడమనిషీ కావచ్చు. ఎక్కణ్నుంచి వచ్చారు, ఎటు పోతున్నారు, ఎందరు, ఎన్ని రాత్రులు అన్నది చెప్పాలి. గుడిసో, డేరా వేసుకునే చోటో చూపిస్తారు. దీన్ని మొక్కుబడి మర్యాద అనుకోకండి. ఈ కొండల్లో పశువుల దొంగతనాలు ఎక్కువ, చీకటి పడ్డాక తిరిగే కొత్తవాళ్లను అనుమానిస్తారు. పెద్ద చెవిన వేస్తే మీ మంచిచెడ్డలు ఆ ఊరు చూసుకుంటుంది. ఎవరికీ చెప్పకుండా ఊరి వెనక డేరా వేసినవాళ్లకే రాత్రి చిక్కులు వస్తాయి.

ధర సాయంత్రమే మాట్లాడుకుని, డబ్బు ఇంటావిడకు రెండు చేతులతో ఇవ్వండి. పడుకునేది గుండ్రటి పూరి గుడిసెలో, పేడతో అలికిన నేల మీద. కింద పరుచుకునే చాప మీరే తెచ్చుకోవాలి. గుడిసె తలుపు మూసి లోపల స్టవ్ వెలిగించడం ప్రాణాంతకం. తిండి అడిగితే పాపా అనే మొక్కజొన్న ముద్ద, మొరొహొ అనే ఆకుకూర పెడతారు. శాకాహారులకు ఇబ్బంది లేదు. పొద్దున మొతోహొ దొరికితే వదలకండి. జొన్నపిండి పులియబెట్టి కాచిన జావ, అచ్చం మన పులిసిన అంబలే. ఇంటి ముందు కర్రకు తెల్ల జెండా ఉంటే అక్కడ జొన్న బీరు అమ్ముతున్నారని, ఎర్రదైతే మాంసం, పచ్చదైతే కూరగాయలు.

పిల్లలు మిఠాయి, డబ్బు అడుగుతారు. ఇవ్వకండి. ఇచ్చి పోయిన ప్రతి యాత్రికుడి తర్వాత వచ్చేవాళ్ల సంచులు పిల్లలు లాగుతారు. ఇవ్వాలనే ఉంటే పెద్దతోనో, బడి హెడ్‌మాస్టరుతోనో మాట్లాడండి. ఫోటోకు ముందు అడగాలి. ఊరికి దూరంగా గుడిసెలు, ఎర్రమట్టి పూసుకుని దుప్పట్లు కప్పుకున్న కుర్రాళ్లు, గుంపు పాటలు కనబడినా వినబడినా అటు పోవద్దు, కెమెరా తీయొద్దు. అది యుక్తవయసు దీక్ష జరిగే చోటు, బయటివాళ్లకు ప్రవేశం లేదు. గైడు చుట్టుదారి పట్టిస్తే ఎందుకని వాదించకండి.

కాపరుల కుక్కలు మాత్రం నిజంగా ప్రమాదం. పరుగెత్తకండి. నిలబడి కాపరిని కేకేయండి, వంగి రాయి తీసినట్టు చేయండి, చాలావరకు ఆగిపోతాయి. ఇక్కడ రేబిస్ ఉంది, టీకా దొరికే ఆస్పత్రి రోజు దూరం కావచ్చు. ముందస్తు టీకాలు ఇంటి దగ్గరే వేయించుకోండి. కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, నడక అక్కడితో ఆపేసి దగ్గరి రోడ్డుకు దిగిపోవాలి. పెద్ద దెబ్బ తగిలితే రోడ్డు దాకా స్ట్రెచర్ గుర్రమే, ఆపైన మసేరు, అక్కడ కాకుంటే దక్షిణాఫ్రికాలోని బ్లూంఫోంటేన్. రెండు దేశాల్లోనూ తరలింపు ఖర్చు ఇచ్చే ఇన్సూరెన్సే తీసుకోండి.

సెమోంకాంగ్‌లో మలెత్సున్యానె జలపాతాన్ని ఎదుటి అంచు నుంచి చూడటం తేలిక. అడుగుకు దిగాలంటే దిగడం, ఎక్కడం కలిపి సగం రోజు పెట్టుకోండి, వానపడ్డ రోజున దిగకండి. మసేరు బస్సులు పొద్దున్నే కదులుతాయి, దారి దాదాపు 120 కిలోమీటర్లు. వంతెన దాటకముందే మిగిలిన మలోతి నోట్లు ఖర్చుపెట్టేయండి, లేదా రాండ్లకు మార్చుకోండి. అవతల వాటిని దుకాణాలు తీసుకోవు.