ఎముక అతుక్కున్నా భుజం దిగలేదు

బండి మీంచి పడ్డప్పుడు విరిగిన కాలర్‌బోన్ ఎప్పుడో అతుక్కుంది, ఎక్స్‌రే కూడా బాగుంది. అయినా వెనక నుంచి లారీ హారన్ వినిపిస్తే ఎడమ భుజం చెవి దాకా లేచి బిగుసుకుపోయేది. సాయంత్రానికి మెడ నొప్పి. గట్టిగా మసాజ్ చేయిస్తే మర్నాడు ఇంకా ఎక్కువయ్యేది.

గాయాన్ని కాపాడటానికి కండరాలు బిగుస్తాయని, నయమయ్యాక కూడా ఆ అలవాటు మిగిలిపోవచ్చని ఫిజియోథెరపిస్ట్ చెప్పారు. ఆవిడ నేర్పింది ఫెల్డెన్‌క్రైస్ తరహా కదలికలు, అంటే ఒంటిని గమనిస్తూ మెల్లగా చేసే చిన్న కదలికలు. మోషే ఫెల్డెన్‌క్రైస్ భౌతిక శాస్త్రం చదివినవాడు, జూడో ఆటగాడు. తన మోకాలి గాయం వల్లే ఈ పద్ధతిని తయారు చేసుకునే దారి పట్టాడు.

చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, భుజాన్ని చెవి వైపు కొంచెమే జరపాలి. నొప్పి మొదలయ్యేలోపే ఆగి, ఊపిరి మెల్లగా వదులుతూ కిందికి జార్చాలి. మధ్యలో ఊరికే పడుకుని రెండు భుజాలకీ తేడా గమనించాలి. చూసేవాళ్లకి నిద్రపోతున్నట్టే ఉంటుంది, మా ఇంట్లో నవ్వారు కూడా.

తర్వాత కాలనీ సందుల్లో వెనక సీట్లో కూర్చుని తిరిగాను. భుజం లేస్తే ఊపిరి వదిలి దించేదాన్ని. ఇప్పుడు హారన్‌కి ఉలిక్కిపడతాను గానీ భుజం వెంటనే దిగుతుంది. హైవే మీద మాత్రం ఇంకా టెన్షనే.

చేతిలో తిమ్మిరి, బలహీనత ఉంటే ముందు ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి.