తొండను దగ్గర నుంచి ఫొటో తీయాలంటే

మా పెరటి ప్రహరీ మీద ఒక మగ తొండ ఉంటుంది. మొదటి ఏడాది దాన్ని నిలబడే తీశాను. ఏ ఫొటో చూసినా వీపూ, సున్నం వేసిన గోడా తప్ప ముఖమే కనిపించేది కాదు. కాబట్టి లెన్స్ కంటే ముందు ఒక పాత గోనెసంచి సంపాదించండి. తొండ కన్ను ఎంత ఎత్తులో ఉంటే లెన్స్ కూడా అంతే ఎత్తులో ఉండాలి. అది నేల మీద ఉంటే మీరు బోర్లా పడుకోవాల్సిందే. పక్కింటివాళ్ల చూపులు నాలుగు రోజులకు అలవాటైపోతాయి.

పొద్దెక్కిన తొలి గంటలో వెళ్లండి. రాత్రి చల్లబడిన ఒంటిని వెచ్చబరుచుకుంటూ అది మందకొడిగా ఉంటుంది. ఎండ ముదిరాక చిక్కదు. ఎదురుగా నడవకుండా పక్కవాటుగా రెండడుగులు వేసి ఆగండి. మీ నీడ దాని మీద పడిందా, ఇక ఆ పూటకు అంతే. తల పైకీ కిందికీ ఊపుతుంటే బెదిరిస్తోందని అర్థం, ఉన్నచోటే ఆగిపోండి.

నాది 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్స్, అంటే చిన్నవాటిని బాగా దగ్గర నుంచి తీసే లెన్స్. 60ది కొంటే ఇంకా దగ్గరకు జరగాలి, తొండ ఒప్పుకోదు. అంత దగ్గరలో అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) 2.8 పెడితే కన్ను తేటగా వచ్చి మూతి మసకబారుతుంది. 8 నుంచి 11 మధ్య పెట్టండి, షట్టర్ వేగం సెకనులో 1/250 వంతు కంటే తగ్గనివ్వకండి. ఆటోఫోకస్ పొలుసుల మీద తడబడుతుంది. నేను ఫోకస్‌ను చేత్తోనే బిగించి, కన్ను తేటపడేదాకా ఒంటినే వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ ఊపుతాను. తల పక్కకు తిరిగినప్పుడు కెమెరాను దానికి సమాంతరంగా పట్టండి. చెవి పైన విడివిడిగా ఉండే రెండు ముళ్ల గుత్తులు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా వస్తాయి.

జత కట్టే కాలంలో మగదాని గొంతు ఎర్రబడుతుంది. చాలామంది దాన్నే ఊసరవెల్లి అంటారు గానీ, తొండ ఎంత ముదిరినా ఊసరవెల్లి కాదు, అది వేరే జీవి. ఆ ఎరుపు ఎండలో ముద్దగా పడుతుంది, వెలుగు కాస్త తగ్గించి తీయండి. ఫ్లాష్ వాడితే ముందు బటర్ పేపర్ అడ్డం పెట్టండి, లేకపోతే పొలుసులన్నీ తెల్లచుక్కలే.

దారం కట్టి, ఫ్రిజ్‌లో పెట్టి కదలకుండా చేసి తీసేవాళ్లున్నారు. ఆ ఫొటోలు నాకు చూపించకండి.

పారిపోతే వెంటపడకండి. ఆ చోటు తనదని దాని నమ్మకం, చాలాసార్లు అదే ఇటుక మీదికి తిరిగొస్తుంది. నేను ఆలోగా టీ తాగి వస్తాను.