హైదరాబాద్ బండలను చదవడం, చదివి చూపించడం ఎలా

హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవారిలో కూడా తాము నడిచే నేల వయసెంతో, గుట్టల మీద ఒకదానిపై ఒకటి నిలిచిన బండలు అలా ఎందుకు నిలిచాయో తెలిసినవారు తక్కువ. కాలనీలోని పెద్దలకు, పిల్లలకు, తోటి ఉద్యోగులకు ఆ సంగతులు చూపించాలని కోరుకునేవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. ఇందుకు భూగర్భశాస్త్రంలో పట్టా అవసరం లేదు. రాతి మీద కంటితో చూసినదేదో, దాని నుంచి తర్కించి తెలుసుకున్నదేదో, ప్రయోగశాలలో ఇతరులు కొలిచి చెప్పినదేదో ఒకదానితో ఒకటి కలిపేయకుండా, ఏది ఏ రకమైన మాటో వినేవారికి తెలిసేలా చెప్పగలిగితే చాలు. కింది పద్ధతి అంతా ఈ ఒక్క నియమం మీదే నడుస్తుంది.

మొదటి పాఠాన్ని గుట్ట దగ్గర కాకుండా ఇంట్లోనే మొదలుపెట్టడం మంచిది. పాత ఇళ్లలో నేలకు షాబాద్ బండలో, తాండూరు బండలో పరిచి ఉంటాయి, వంటగది గట్టు మీద నల్లటి కడప బండ ఉంటుంది, కొత్త ఫ్లాట్లలో ఆ గట్టు గ్రానైట్‌ది అయి ఉంటుంది. షాబాద్, తాండూరు, కడప బండలు మూడూ సున్నపురాళ్లే, పురాతన సముద్రాల అడుగున పొరలు పొరలుగా పేరుకున్నవే. ఎవరికీ కనిపించని మూలలో కొద్దిగా గీకి, ఆ పొడి మీద నిమ్మరసం చుక్క వేసి భూతద్దంతో చూస్తే సన్నని బుడగలు లేస్తాయి. రాతిలోని కాల్షియం కార్బొనేట్ ఆమ్లంతో కలిసి కార్బన్ డయాక్సైడ్‌ను విడుదల చేయడమే ఆ బుడగలకు కారణం. గ్రానైట్ మీద అదే చుక్క ఏ మార్పూ తీసుకురాదు. కడప బండ మీద నిమ్మకాయ కోస్తే మచ్చ ఎందుకు పడుతుందో ఇంట్లో వంట చేసేవారందరికీ ఆ క్షణంలోనే అర్థమవుతుంది.

ఇక్కడే మరొక సంగతి చెప్పాలి. రాళ్ల దుకాణంలో పలికే పేర్లు, శాస్త్రంలోని పేర్లు ఎప్పుడూ ఒకటే కావు. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వచ్చే, నల్లని నేపథ్యంలో బంగారు చుక్కలు మెరిసే ‘బ్లాక్ గెలాక్సీ గ్రానైట్’ నిజానికి గాబ్రో కుటుంబానికి, అంటే లోతున చల్లారి ఏర్పడే ముదురు రంగు రాళ్ల కుటుంబానికి, చెందిన శిల. కరీంనగర్ ప్రాంతపు ‘టాన్ బ్రౌన్’ మాత్రం గ్రానైటే. దుకాణదారుడి పేరును తప్పుపట్టనవసరం లేదు, దేనిని ఏ అర్థంలో వాడుతున్నామో స్పష్టం చేస్తే సరిపోతుంది.

ఇంటి పాఠం తర్వాత గ్రానైట్ గుట్టకు వెళ్లాలి. కార్తీకం నుంచి మాఘం వరకు ఉదయపు వేళలు అందుకు అనువైనవి. ఎండాకాలంలో బండ త్వరగా వేడెక్కి పిల్లలకు ఇబ్బంది అవుతుంది, పైగా నడినెత్తి మీది ఎండలో రాతి గరుకుదనం, పగుళ్ల గీతలు కంటికి ఆనవు. ఏటవాలుగా పడే ఉదయపు వెలుగులో అవే గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. పది రెట్లు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం, ఒక స్టీలు చాకు, నీళ్ల సీసా, స్కేలు, నోటు పుస్తకం తీసుకువెళ్లాలి. సుత్తి వద్దని నా గట్టి అభిప్రాయం. నగరంలో మిగిలిన బండలే కొద్ది, వాటి మీద దెబ్బ వేయడానికి మనకు హక్కు లేదు. తాజాగా విరిగిన ముఖం చూడాలంటే రోడ్డు కోసిన చోట, లేదా ఇంటి పునాది కోసం తీసి పడేసిన రాళ్ల కుప్పలో కావలసినన్ని దొరుకుతాయి. బండ అంచుల కింద పెద్ద తేనెపట్లు ఉన్నాయేమో దూరం నుంచే చూసుకోవాలి, పొదల్లో, రాళ్ల సందుల్లో చేయి పెట్టకూడదు.

ఎక్కడికి వెళ్లాలన్నది పెద్ద సమస్య కాదు. గోల్కొండ కోట గుట్ట, మౌలాలి గుట్ట, బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ పక్కన కేబీఆర్ పార్కు, ఖాజాగూడ గుట్టలు, దుర్గం చెరువు ఒడ్డు, ఇలా చాలా చోట్లు ఉన్నాయి. గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో పుట్టగొడుగు ఆకారపు బండ పేరుపొందినదే. గోల్కొండను నేను ముందుగా సూచిస్తాను, ఎందుకంటే అక్కడ కోటగోడ కట్టినవారు సహజమైన బండలను అలాగే ఉంచి వాటి మధ్య గోడను నడిపించారు. మనిషి చెక్కిన రాయి, ప్రకృతి గుండ్రం చేసిన రాయి పక్కపక్కనే కనిపిస్తాయి.

బండ దగ్గరికి చేరిన వెంటనే వయసు చెప్పకూడదు. చాలామంది చేసే పని అదే, 250 కోట్ల సంవత్సరాలు అనగానే వినేవారు ఆశ్చర్యపోతారు కానీ రాతిని చూడటం మానేస్తారు. ముందు బండ మీద కొంచెం నీళ్లు పోయించండి. తడిసిన ముఖం మీద రంగులు విడివిడిగా తేలతాయి. గులాబీ రంగులో, లేదా తెలుపులో కనిపించే గింజలు ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం. వెలుగుకు తలను అటూ ఇటూ కదిపితే వాటి చదునైన ముఖాలు తళుక్కుమంటాయి. బూడిద రంగులో గాజుపెంకు విరిగినట్టుగా ఉండి, ఎక్కడా చదును ముఖం చూపించనిది పలుగురాయి, అంటే క్వార్ట్జ్. చాకు మొనతో పొరలుగా లేచే నల్లని ముక్కలు నల్ల అభ్రకం. నల్లగా ఉండి పొరలు లేవనిది చాలావరకు హార్న్‌బ్లెండ్ అనే మరో ఖనిజం. ఏది దేన్ని గీయగలదో చూసి ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు లెక్కించే మోస్ కాఠిన్య క్రమంలో పలుగురాయి 7వ స్థానంలో, ఫెల్డ్‌స్పార్ 6వ స్థానంలో ఉంటాయి. స్టీలు చాకు సుమారు 5.5 దగ్గర ఉంటుంది, కనుక ఈ రెంటిలో దేని మీదా చాకు గీత పడదు. తాజా పెంకు మీద పిల్లలను గీయనివ్వండి. గీత అనుకున్నది వేలితో రుద్దితే పోతుంది, అది రాతి మీద అరిగిన చాకు లోహమే.

గింజలు కంటికి కనిపించేంత పెద్దవిగా ఉన్నాయన్నది ఇప్పటిదాకా చూసిన విషయం. దాని నుంచి తర్కం మొదలవుతుంది. కరిగిన శిలాద్రవం నెమ్మదిగా చల్లారినప్పుడే స్ఫటికాలకు పెరగడానికి వ్యవధి దొరుకుతుంది. అంత నెమ్మదిగా చల్లారాలంటే అది నేల పైన కాక, కిలోమీటర్ల లోతున, పైనున్న రాతి కప్పు కింద జరిగి ఉండాలి. అంటే ఈ రోజు మనం నిలుచున్న బండకు పైన ఒకప్పుడు కిలోమీటర్ల మందం రాయి ఉండేది, అదంతా కోట్ల ఏళ్లలో అరిగి కొట్టుకుపోయింది. ఈ మాట చెప్పిన తర్వాత కొంతసేపు మౌనంగా ఉండి, వారిని మళ్లీ బండ వైపు చూడనివ్వండి.

‘ఇక్కడ అగ్నిపర్వతం ఉండేదా?’ అన్న ప్రశ్న తప్పక వస్తుంది. హైదరాబాద్ గ్రానైట్ లోతున గడ్డకట్టినది, నేలపైకి పారిన లావా కాదు. లావా చూడాలంటే వికారాబాద్ వైపు వెళ్లాలి. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం దక్కను పీఠభూమిని కప్పిన లావా ప్రవాహాల తూర్పు అంచు అటు కనిపిస్తుంది. నల్లని బసాల్ట్, దాని మీద అనంతగిరి కొండల ఎర్రని లాటరైట్ (రాయి శిథిలమై మిగిలిన ఇనుము నిండిన పొర) అక్కడివే, మన మూసీ పుట్టేదీ అక్కడే. నగరం చుట్టూ ఎర్రటి చల్కనేల, అటువైపు వెళ్లేకొద్దీ నల్లరేగడి కనిపించడానికి కింది రాతిలోని ఈ తేడాయే ముఖ్య కారణం.

అన్నింటికన్నా ఎక్కువ సమయం కేటాయించవలసింది ఒకదానిపై ఒకటి నిలిచిన గుండ్ల దగ్గర. వీటిని వరద దొర్లించి తెచ్చిందని కొందరు, ఆకాశం నుంచి పడ్డాయని కొందరు, ఎవరో పేర్చారని కొందరు అంటారు. ఎవరినీ తోసిపుచ్చకుండా ఒక పరీక్ష పెట్టండి. పై గుండులో గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్‌తోనో తెల్లని పలుగురాయితోనో ఏర్పడిన చార ఏదైనా ఉందేమో వెతికి, అది కింది బండలోకి అదే దిశలో, అదే మందంతో కొనసాగుతున్నదేమో చూడమనండి. కొనసాగితే ఆ రెండు బండలూ ఒకప్పుడు ఒకే రాయి, పై గుండు ఎక్కడి నుంచీ రాలేదు. చార దొరకని చోట ఈ మాట అనకూడదు, మరో జంట బండల దగ్గరికి నడవాలి.

అవి అలా ఎలా మిగిలాయన్నది ఇప్పుడు చెప్పవచ్చు. గ్రానైట్‌లో నిలువుగా, అడ్డంగా పగుళ్లు ఉంటాయి, అవి రాతిని పెద్ద పెద్ద దిమ్మెలుగా విడదీస్తాయి. రాయి ఇంకా మట్టి కింద ఉండగానే వాననీరు ఆ పగుళ్లలోకి దిగి ఫెల్డ్‌స్పార్‌ను మెల్లగా బంకమట్టిగా మారుస్తుంది, నల్ల అభ్రకాన్ని తుప్పు పట్టిస్తుంది, పలుగురాయి మాత్రం ఇసుకగా మిగిలిపోతుంది. దిమ్మె ముఖం మీద నీరు ఒక వైపు నుంచే పనిచేస్తుంది, అంచు మీద రెండు వైపుల నుంచి, మూల మీద మూడు వైపుల నుంచి. అందువల్ల మూలలు ముందుగా పోయి, రాయి ఉల్లిపాయ పొరల్లా ఒలుస్తూ లోపల గుండ్రని గుండు మిగులుతుంది. చుట్టూ వదులైన పదార్థమే మనం ఇళ్ల పునాదుల్లో, రోడ్ల కింద పోసే మొరం. ఆ మొరాన్ని వానలు కడిగివేసిన తర్వాత గుండ్లు ఉన్నచోటే ఒకదానిపై ఒకటి ఆనుకుని నిలిచాయి. తాజాగా తవ్విన సెల్లార్ గోతి గోడలో మొరం మధ్య ఇంకా పాతుకుని ఉన్న గుండ్లు కనిపిస్తాయి, అనుమతి తీసుకుని కంచె బయటి నుంచి దానిని చూపించగలిగితే వేరే వివరణ అవసరం ఉండదు. మౌలాలి వంటి నున్నని గుట్టల మీద మరో రకం పగుళ్లు, గుట్ట ఉపరితలానికి సమాంతరంగా పలకలు లేచినట్టుగా, కనిపిస్తాయి. పైనున్న బరువు తొలగినకొద్దీ రాయి కొద్దిగా వ్యాకోచించడం వల్ల వచ్చినవి అవి.

బండల మధ్య నల్లగా, గింజ కంటికి ఆనకుండా, చేతికి గ్రానైట్ కన్నా బరువుగా తగిలే రాళ్ల వరుస ఒకే దిశలో సాగుతూ కనిపిస్తే, అది డోలరైట్ డైక్ కావచ్చు. గ్రానైట్ గట్టిపడి పగిలిన తర్వాత ఆ పగులులోకి కింది నుంచి ఎక్కిన ద్రవం చల్లారి ఏర్పడింది కనుక అది వయసులో గ్రానైట్ కన్నా చిన్నది. కోసుకుపోయినది కోయబడినదాని కన్నా తర్వాతిది అన్న ఈ సూత్రంతో ఏ పరికరమూ లేకుండా రాళ్ల వరుసక్రమం రాయవచ్చు. డైక్ అంచు, గ్రానైట్ కలిసే చోట గింజ మరింత సన్నబడితే, చల్లని రాతిని తాకి వేడి ద్రవం త్వరగా గడ్డకట్టిందనడానికి అది ఆధారం.

వయసు గురించి చెప్పవలసిన సమయం ఇది. గ్రానైట్‌లో జిర్కాన్ అనే సూక్ష్మ ఖనిజం ఉంటుంది. అది ఏర్పడేటప్పుడు యురేనియాన్ని లోపలికి తీసుకుంటుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. యురేనియం-238 సగం తరిగి సీసంగా మారడానికి సుమారు 447 కోట్ల సంవత్సరాలు పడుతుంది, కాబట్టి జిర్కాన్‌లో ఇప్పుడు దొరికే సీసం, యురేనియం నిష్పత్తి గడిచిన కాలాన్ని చెబుతుంది. ఈ ప్రాంతపు గ్రానైట్లకు సుమారు 250 కోట్ల సంవత్సరాల వయసు వచ్చింది ఇటువంటి కొలతల వల్లే. ఇది మనం చూసినది కాదు, కొలిచినవారి మాట అని కూడా చెప్పండి.

ఆ అంకెను మనసుకు పట్టించడానికి కాలనీ రోడ్డు చాలు. ఒక మీటరుకు కోటి సంవత్సరాలుగా లెక్కించి, నేటి నుంచి వెనక్కి నడిపించండి. అడుగులు మొదలుపెట్టేలోపే, 3 సెంటీమీటర్ల దగ్గర మన మానవజాతి ఆరంభం వస్తుంది. 1591 నాటి చార్మినార్ అయితే మిల్లీమీటరులో 20వ వంతుకు కూడా చేరదు. దక్కను లావా 6.6 మీటర్ల దగ్గర. బిర్లా సైన్స్ మ్యూజియంలో అస్థిపంజరంగా నిలిచిన కోటాసారస్, మన గోదావరి లోయలోని యామనపల్లి దగ్గర దొరికిన డైనోసార్, సుమారు 18 మీటర్ల దగ్గర. ఆ తర్వాత చాలా దూరం నడిచి 240 మీటర్లకు చేరితే గాలిలో ఆక్సిజన్ చెప్పుకోదగినంతగా పేరుకోవడం మొదలైన కాలం వస్తుంది. గ్రానైట్ 250 మీటర్ల దగ్గర ఉంటుంది. అంటే ఈ బండ గడ్డకట్టిన కాలంలో మనం పీల్చుకోగల గాలి భూమి మీద లేదు. భూమి పుట్టుక ఇంకా రెండు వందల మీటర్ల అవతల, 454 దగ్గర.

పెద్దలకు ఎక్కువ ఆసక్తి కలిగించేది బోరుబావి సంగతి. గట్టి గ్రానైట్ గింజల మధ్య నీరు నిలిచే ఖాళీ దాదాపుగా ఉండదు. నీరు పైనున్న మొరం పొరలోనూ, దాని కింద పగుళ్లలోనూ ఉంటుంది, లోతుకు వెళ్లేకొద్దీ సాధారణంగా పగుళ్లు తగ్గుతాయి. అందుకే పక్కపక్క ప్లాట్లలో ఒకరికి నీరు పడి మరొకరికి పడకపోవడం వింత కాదు, వెయ్యి అడుగులు దాటినా దుమ్మే రావడమూ వింత కాదు. కొబ్బరికాయతో నీరు చూడటం పనిచేస్తుందనడానికి పరీక్షించిన ఆధారం లేదని మర్యాదగా, కానీ స్పష్టంగా చెప్పాలి. ఇంకుడుగుంత నింపేది మొరం పొరనే కనుక దాని అడుగు సిమెంటుతో మూయకూడదని కూడా అప్పుడే చెప్పవచ్చు.

భూకంపాల గురించి అడిగితే తూచి మాట్లాడాలి. 1993 సెప్టెంబర్ 30న లాతూర్ ప్రాంతంలో, 2024 డిసెంబర్ 4న ములుగు ప్రాంతంలో వచ్చిన భూకంపాల ప్రకంపనలు హైదరాబాద్‌లోనూ తెలిశాయి, రెండవదాని పరిమాణం 5.3. పరిమాణం ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. ఏ తేదీన, ఏ ఊళ్లో భూకంపం వస్తుందో ముందుగా చెప్పగల పద్ధతి నేటికీ లేదు, అలా చెప్పే సందేశం ఎవరి పేరుతో వచ్చినా ముందుకు పంపవద్దనండి. ప్రకంపనల వివరాలకు జాతీయ భూకంప కేంద్రం ప్రకటనను, హబ్సిగూడలోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తల మాటను చూడాలి.

తిరిగి వచ్చాక చూసినది నమోదు చేయాలి. ప్రతి ఫోటోలో స్కేలు ఉండాలి, ఫోటో ఏ దిక్కుకు తిరిగి తీశారో రాయాలి, స్థలం గుర్తుపట్టగలిగేలా రెండు స్థిరమైన ఆనవాళ్లు చెప్పాలి. వివరణను మూడు వాక్యాలకు తగ్గకుండా రాయించండి: ఒకటి చూసినది, ఒకటి ఊహించినది, ఒకటి ఇంకా తేలనిది. మూడవ వాక్యం ఖాళీగా వదిలిన పిల్లలను మళ్లీ బండ దగ్గరికి పంపండి, అడగవలసినది అక్కడ తప్పక దొరుకుతుంది. ప్లాట్ల కోసం గుర్తులు వేసిన గుట్టలను ముందు నమోదు చేయడం అవసరం, ఎందుకంటే పేల్చి కంకర చేసిన తర్వాత ఏ చార ఏ బండలోకి కొనసాగిందో చూడటం ఎవరికీ సాధ్యం కాదు.