ఎక్సెల్ మాక్రోలు సొంతంగా – 7వ పాఠం: ఢంగుమనే పెట్టెలు

ఈసారి యూజర్‌ఫారమ్ (వివరాలు నింపడానికి మనమే తయారుచేసుకునే కిటికీ) మొదలుపెడదామనుకున్నాను. కుదిరేలా లేదు. పోయిన పాఠంలో మెసేజ్ బాక్స్ (మాక్రో నడుస్తుండగా తెర మీద ఒక మాట చూపించే చిన్న పెట్టె) పెట్టడం నేర్పి, "శబ్దం సంగతి తర్వాత చూద్దాం" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. దాని ఫలితం ఇప్పుడు చూస్తున్నాను. కొందరి మాక్రో ఆఫీసంతా వినిపిస్తోందట. ఇంకొందరు శబ్దం ఆపబోయి ఏకంగా షీటే పోగొట్టుకున్నారు. రెండోది పెద్ద గొడవ, దాని దగ్గరికి నిదానంగా వద్దాం.

మెసేజ్ బాక్స్ లైన్లో మాటల తర్వాత కామా పెట్టి ఒక అంకె వేస్తాం కదా. బొమ్మను తెచ్చేది ఆ అంకే, శబ్దాన్ని తెచ్చేదీ అదే. 16 వేస్తే ఎర్ర గుర్తు, 32 అయితే ప్రశ్నార్థకం, 48 అయితే పసుపు త్రికోణం, 64 అయితే నీలం వృత్తంలో 'ఐ'. వీటికి పొడుగాటి పేర్లు ఉన్నాయి, అవే వాడమని పుస్తకాలు చెబుతాయి. నేను అంకెలే వాడతాను. అంత పొడుగు పేరు కొట్టేకన్నా రెండు అంకెలు కొట్టడం తేలిక, కూడుకోవడం కూడా సుళువు. అవును–కాదు బటన్లకు 4, ప్రశ్న గుర్తుకు 32, కలిపితే 36. అంతే.

మీలో చాలామంది ప్రతి పెట్టెకూ 16 వేశారు. ఎర్రగా ఉంటే చూస్తారని కాబోలు. నేనూ ఒకప్పుడు అదే పని చేశాను. ఒక ఎరువుల దుకాణానికి స్టాకు ఫైలు రాసిచ్చాను. బస్తాల సంఖ్య ఖాళీగా ఉంటే 16, తేదీ తప్పితే 16, చివరికి "బిల్లు సేవ్ అయింది" అన్నదానికీ 16. కౌంటరు మీద పెద్ద స్పీకర్లు ఉన్నాయి. బిల్లు కొట్టినప్పుడల్లా ఢంగుమనేది. మూడో రోజు వెళ్లేసరికి ఒక రైతు సంచీ చంకలో పెట్టుకుని, "నా పేరు మీద పాత బాకీ ఏమైనా ఉందా బాబూ, అది అట్లా అరుస్తంది?" అని అడుగుతున్నాడు. యూరియా బిల్లు శుభ్రంగానే సేవ్ అయింది పాపం. ఆ రాత్రే కూర్చుని 16లు అన్నీ ఏరేశాను. ఇప్పుడు నా ఫైళ్లలో 16 ఉందంటే పని నిజంగా ఆగిపోయిందని అర్థం.

"అంకె తీసేశాను, అయినా టంగుమంటోంది" అన్నవాళ్లకు: ఏమీ వేయకపోతే సున్నా వేసినట్టు. దానికీ డిఫాల్ట్ బీప్ అనే శబ్దం ఉంది.

"48కీ 64కీ ఒకటే శబ్దం వస్తోంది" అన్నవాళ్లకు: మీ చెవులు బాగానే ఉన్నాయి. విండోస్ 10లో ఆ రెండిటికీ మొదట్నుంచీ ఒకే శబ్దం ఫైలు తగిలించి ఉంటుంది. 32కి ఏ ఫైలూ ఉండదు, అందుకే అది నోరెత్తదు. నా దొంగదారి ఇదే. చప్పుడు వద్దనుకున్న చోట 32 వేసేస్తాను. ప్రశ్న గుర్తును అలా వాడకూడదని శాస్త్రం తెలిసినవాళ్లు అంటారు. ఆ మాటకొస్తే ఆ గుర్తునే ఇక వాడొద్దని మైక్రోసాఫ్ట్ కూడా అంటోంది. కౌంటరు దగ్గర ప్రశాంతంగా ఉంటే నాకు చాలు.

ఈ శబ్దం చేసేది విండోస్, కాబట్టి ఎక్సెల్ ఆప్షన్స్‌లో వెతికి లాభం లేదు. కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్ తెరిచి, సౌండ్స్ ట్యాబ్‌కి వెళ్లండి. క్రిటికల్ స్టాప్ అంటే మన 16, క్వశ్చన్ 32, ఎక్స్‌క్లమేషన్ 48, ఆస్టెరిస్క్ 64. కావలసినదాన్ని నొక్కి కింద 'నన్' ఎంచుకుంటే అది మూగబోతుంది. ఇది మీ లాగిన్‌కి మాత్రమే. ఫైలు ఇంకొకరికి పంపితే వాళ్ల మెషీన్‌లో వాళ్ల శబ్దాలే వస్తాయి. ఫైలుతో పాటు మీ నిశ్శబ్దం వెళ్లదు. మీటింగ్ వింటూ మాక్రో నడిపేవాళ్లు స్పీకర్ మొత్తం కట్టేయక్కర్లేదు, వాల్యూమ్ మిక్సర్‌లో సిస్టమ్ సౌండ్స్ ఒక్కటి తగ్గిస్తే సరి.

ఇక షీటు పోయిన సంగతి.

మాక్రో పైన 'డిస్‌ప్లే అలర్ట్స్ ఫాల్స్' అని పెడితే శబ్దాలు ఆగిపోతాయని ఎవరు చెప్పారండీ మీకు? ఎక్కడో చూసిన మూడు లైన్లను తెచ్చి ప్రతి మాక్రో నెత్తిన అతికించడం అలవాటైపోయింది. స్క్రీన్ అప్‌డేటింగ్ ఒకటి, క్యాలిక్యులేషన్ ఒకటి, పక్కనే ఇది. మొదటి రెండూ వేగం కోసం. మూడోదానికి వేగంతోనూ శబ్దంతోనూ సంబంధం లేదు. మీరు పెట్టిన మెసేజ్ బాక్స్‌ని అది ముట్టుకోనైనా ముట్టుకోదు, 16 పెట్టి చూడండి, ఢంగుమంటుంది.

అది చేసే పని వేరు. ఎక్సెల్ తనంతట తాను అడిగే ప్రశ్నలను మీకు చూపించకుండా, జవాబు కూడా తానే ఇచ్చేసుకుంటుంది. మీరు గుమాస్తాతో "గట్టిగా మాట్లాడకు" అన్నాననుకుంటున్నారు. అతనికి మాత్రం "నన్ను అడక్కు, అన్నిటికీ నువ్వే సంతకం పెట్టెయ్" అని వినపడింది. షీటు తీసేయమంటే మారు మాట్లాడకుండా తీసేస్తుంది, కంట్రోల్ జెడ్ నొక్కినా అది తిరిగి రాదు. సెల్స్ కలిపితే పై ఎడమ గడిలోది తప్ప మిగతా డేటా చప్పుడు లేకుండా పోతుంది. క్విట్ లైన్ ఉంటే సేవ్ చేయకుండానే మూసేస్తుంది. అన్నిటికన్నా ఒళ్లు మండేది సేవ్ యాజ్. అదే పేరుతో ఫైలు ఉంటే మామూలుగా ఎక్సెల్ అడుగుతుంది, అప్పుడు ముందే ఎంచి ఉండే బటన్ 'నో'. ఫాల్స్ పెట్టినప్పుడు మాత్రం ఎక్సెల్ 'ఎస్' అనేస్తుంది. "డిఫాల్ట్ నో కదా, ఫర్వాలేదు" అనుకుని పాత నెల ఫైలు మీద కొత్తది రాసుకున్నవాళ్లు మీలోనే ఉన్నారు.

మాక్రో అయిపోగానే ఎక్సెల్ దాన్ని ట్రూకి మార్చేస్తుంది నిజమే. కానీ పైన మొదటి లైన్లో పెడితే కింద ఉన్న రెండు వందల లైన్లూ ఆ ఫాల్స్ కిందే నడుస్తాయి. తప్పదనుకుంటే, షీటు తీసే లైనుకు సరిగ్గా పైన ఫాల్స్, సరిగ్గా కింద ట్రూ. మధ్యలో ఒక్క లైనే ఉండాలి.

అభ్యాసం. కొత్త ఫైలులో ఐదు బటన్లు పెట్టి 0, 16, 32, 48, 64 తగిలించండి. మీరు తెర వైపు వీపు పెట్టి కూర్చుని, ఇంట్లో ఎవరినైనా ఇష్టమొచ్చిన వరుసలో ఇరవైసార్లు నొక్కమనండి. ఏది మోగిందో కాయితం మీద రాయండి. ఏవి విడదీయలేకపోయారో వాటికి సౌండ్స్ ట్యాబ్‌లో వేరే శబ్దాలు ఇచ్చి, ఇరవైకి ఇరవై వచ్చేదాకా ఆడండి.

తర్వాత షీటు తొలగించే మాక్రో ఒకటి రాయండి. ముందు మీ సొంత పెట్టె 292తో అడగాలి, జవాబు 6 (అంటే 'ఎస్' నొక్కినట్టు) అయితేనే ఫాల్స్ లైనుకు వెళ్లాలి. 292 అంటే 4, 32, 256. ఆ 256 ఏ బటన్‌ని ముందుగా ఎంచి పెడుతుందో ఎంటర్ కొట్టి చూసుకోండి, కాపీ ఫైలు మీదే.