ఫారిన్ మిషన్‌లో కాథలిక్ ఫాదర్ అవ్వాలనుకునే మన వైజాగ్ కుర్రాళ్ళకి, వాళ్ళ ఇంట్లోవాళ్ళకి

మాది జ్ఞానాపురం. ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయంటే చాలు, గుడి దగ్గర ఎవడో ఒకడు పట్టుకుని "మావయ్యా, మిషన్‌లో చేరదామనుకుంటున్నా, ఫారిన్ పంపిస్తారంట కదా" అంటాడు. మా అక్క కొడుకూ సేమ్ ఇదే అన్నాడు. వాడి వెనకాల నేనూ కాగితాలు పట్టుకుని తిరిగాను కాబట్టి తెలిసింది రాస్తున్నా, ఇంకోడికైనా పనికొస్తుంది.

ముందు, ఎందులో చేరుతున్నారో తెలుసుకోండి. ఫాదర్లందరూ ఒకటే అనుకుంటారు మనోళ్ళు, కాదు. అగ్రపీఠం, అంటే మన ఆర్చ్‌బిషప్ గారి పరిధి, తరఫున చేరితే ఇక్కడి విచారణల్లోనే (పారిష్‌లలోనే) పని చేస్తారు. ఎంఎస్ఎఫ్ఎస్ (సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ మిషనరీలు) లాంటి సన్యాస సభలో చేరితే పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అని మూడు వ్రతాలు తీసుకుంటారు, ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్తారు. మూడో రకం అచ్చంగా పరదేశం పని కోసమే పెట్టిన సంస్థలు. పీమే (పొంటిఫికల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫారిన్ మిషన్స్) అని వింటుంటారే, అది ఇదే. 1850లో మిలాన్‌లో బిషప్ ఆంజెలో రమజొత్తి గారు మొదలుపెట్టారు, 1926లో పోప్ 11వ పయస్ గారు దాన్ని రోమ్‌లో ఉన్న ఇంకో మిషన్ సెమినరీతో (ఫాదర్లని తయారుచేసే చోటు) కలిపేశారు. వీళ్ళకి సభల్లో లాగా వ్రతాలుండవు, కానీ జీవితాంతం మిషన్‌కే అని మాట ఇస్తారు. వ్రతాల్లేవన్నాను కదా అని పెళ్ళి సంగతి అడక్కండి, ఒకడు నిజంగానే అడిగాడు, ఈ మూడింట్లో ఎందులో చేరినా ఫాదర్ అంటే బ్రహ్మచర్యమే.

ఈ ఫారిన్ అనే మాట దగ్గరే అందరూ బోల్తా పడతారు. ఇటలీ చదువుకి మాత్రమే, మోంజాలో వాళ్ళ ఇంటర్నేషనల్ సెమినరీ ఉంది, థియాలజీ అక్కడ. తర్వాత పని చేసే చోట్లు బంగ్లాదేశ్, కంబోడియా, గినీ బిసావ్, పాపువా న్యూ గినీ ఇలాంటివి. అసలు వాళ్ళ మొట్టమొదటి మిషనే నిలబడలేదు తెలుసా. 1852లో పసిఫిక్ దీవులకి వెళ్ళారు, జ్వరాలు, ఆకలి, ఊళ్ళోవాళ్ళకి వీళ్ళంటే పడలేదు, మూడేళ్ళలో వదిలేసి వచ్చేశారు. అందులో జాన్ మజుకోని అనే ఫాదర్ ఒంట్లో బాలేక సిడ్నీ వెళ్ళి, మిగతావాళ్ళు దీవి ఖాళీ చేసేశారని తెలీక 1855లో తిరిగి అక్కడికే వెళ్తే ఓడ మీదే చంపేశారు. 29 ఏళ్ళు. అదే ఏడాది పీమే వాళ్ళదే ఇంకో జట్టు హైదరాబాద్, కృష్ణా వైపు వచ్చింది, ఆ జిల్లాల్లో పాత గుళ్ళు చాలా వరకు వాళ్ళ చలవే. మా వాడికి ఈ కథ చెప్తే రెండ్రోజులు మాట్లాడలేదు, మూడో రోజు వచ్చి "సరే, ఫారం ఎక్కడ దొరుకుద్ది" అన్నాడు. అలా అడిగేవాడికే మిగతాది.

ఇప్పుడు పని. నేరుగా ఏలూరు రైలెక్కేయకండి, అక్కడ పీమే వాళ్ళ హౌస్ ఉంది నిజమే, రత్నాచల్ కూడా ఆగుద్ది, కానీ మీ విచారణ గురువు గారి లెటర్ లేకుండా ఎక్కడా పని అవ్వదు. ఆయనకి మీ మొహం తెలియాలంటే పండక్కి మాత్రమే గుడికెళ్తే కుదరదు, ముందు ఓ ఏడాది పూజకి వెళ్ళండి, యూత్‌లో తిరగండి, ఉపదేశి గారికి (గుడిలో మతబోధ చెప్పేవారు) పనిలో సాయం చెయ్యండి. తర్వాత ఆయనే దైవపిలుపులు, అంటే కొత్తగా చేరేవాళ్ళ సంగతి, చూసే ఫాదర్‌కి కబురు పెడతారు. వేసవిలో కమ్ అండ్ సీ అని కొన్ని రోజుల క్యాంపు పెడతారు, మీరు వాళ్ళని చూడ్డం, వాళ్ళు మిమ్మల్ని చూడ్డం, పెళ్ళిచూపుల్లాగే. అక్కడ నటించకండి, పొద్దున్నే లేవలేకపోతే లేవలేనని చెప్పండి. ఇంట్లో అప్పులున్నా, ఒక్కడే కొడుకైనా, ఏదైనా జబ్బుకి మందులు వాడుతున్నా అప్పుడే చెప్పేయాలి, నాలుగేళ్ళ తర్వాత బయటపడితే అందరికీ ఇబ్బంది.

కాగితాలే అసలు తలనొప్పి. జ్ఞానస్నానం (బాప్తిస్మం), భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) సర్టిఫికెట్లు, అమ్మానాన్నల గుడి పెళ్ళి సర్టిఫికెట్, టెన్త్, ఇంటర్ మెమోలు, ఆధార్, మెడికల్ రిపోర్టు. జ్ఞానస్నానం కాగితం చిన్నప్పటిది బీరువాలోంచి తియ్యకండి, గుడి రిజిస్టర్ చూసి కొత్తగా రాయించుకోండి. ఇక పేరు గొడవ. మావాడు గుడి రిజిస్టర్లో జోసెఫ్, టెన్త్ మెమోలో రాజేష్, ఆధార్‌లో ఇంటిపేరు వెనక్కి పోయి స్పెల్లింగ్ ఇంకోలా ఉంది. ఎందుకలా అని మనలో మనకి చెప్పుకోనక్కర్లేదు, సగం ఇళ్ళల్లో ఇదే కథ. కానీ మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసులో కూర్చున్నాయనకి ఆ కథతో పని లేదు. కాబట్టి ముందు ఆధార్‌ని టెన్త్ మెమో ప్రకారం సరిచేయించండి, తర్వాతే పాస్‌పోర్టుకి అప్లై చెయ్యండి, గుడి రిజిస్టర్లో పేరు, మెమోలో పేరు ఒకరివేనని ఫాదర్ గారి దగ్గర లెటర్ రాయించుకుని పెట్టుకోండి. మేం వరస తిప్పి చేసి నాలుగు నెలలు పోగొట్టుకున్నాం.

ఎన్నేళ్ళు పడుద్ది అని అమ్మలు అడుగుతారు. చర్చి చట్టం ప్రకారం ఫిలాసఫీ, థియాలజీ కలిపి కనీసం ఆరేళ్ళు, దానికి ముందు ప్రిపరేషన్, మధ్యలో ఆధ్యాత్మిక శిక్షణ, భాష నేర్చుకోడం, అన్నీ కలిపి పదేళ్ళు వేసుకోండి. 25 నిండకుండా గురుపట్టం, అంటే ఫాదర్‌గా అభిషేకం, మామూలుగా ఇవ్వరు ఎలాగూ. మధ్యలో వచ్చేసినా తప్పేం లేదు, వచ్చేసిన కుర్రాడిని వీధిలో ఆపి "ఏటి, పంపించేశారా" అని అడగడమే తప్పు.

భాష మాత్రం ఇప్పటినుంచే మొదలెట్టండి. ఇంగ్లీష్, తర్వాత ఇటాలియన్, తర్వాత వేసిన దేశం భాష, అది బెంగాలీ అవ్వొచ్చు ఖ్మేర్ అవ్వొచ్చు. 1845లో యూరప్‌లోని ఆనెసీ నుంచి బయల్దేరి మన ఊరొచ్చిన, ఫ్రెంచ్ మాట్లాడే ఎంఎస్ఎఫ్ఎస్ ఫాదర్లు తెలుగు మొదట్నించి నేర్చుకునే కదా పని చేశారు, ఇప్పుడు మన వంతు. నాకు తెలిసిన మంచి టెస్ట్ ఒకటుంది, సెలవుల్లో ఫాదర్ గారిని అడిగి పాడేరు వైపు కొండ మీద ఏదైనా మిషన్ హాస్టల్లో నెల రోజులు ఉండండి. అక్కడ పిల్లలు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటే మీకు ఒక్క ముక్క అర్థం కాదు, ఫోన్ సిగ్నల్ ఉండదు, కూరలో మీ అమ్మ వేసే ఉప్పుండదు. నెల తర్వాత ఆ పిల్లల భాషలో ఇరవై మాటలు వచ్చి ఉంటే మీరు పనికొస్తారు, రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే ఇంకోసారి ఆలోచించండి.

అమ్మాయిలకి కూడా ఉంది, 1936లో మిలాన్‌లోనే మొదలైన మిషనరీస్ ఆఫ్ ది ఇమాక్యులేట్ సిస్టర్లు, పీమే సిస్టర్లంటే తెలుస్తుంది, వాళ్ళని అడగండి.

బయల్దేరే రోజు రెండు జతల బట్టలు, దుప్పటి, బైబిల్ చాలు. మీ అమ్మ ఎలాగూ ఆవకాయ పెడుతుంది, పెట్టనివ్వండి, కానీ సర్టిఫికెట్లున్న బ్యాగులో కాదు. మావాడి జ్ఞానస్నానం కాగితం తుని దాటేసరికి నూనెలో నానిపోయింది, మళ్ళీ రిజిస్టర్ తీయించడానికి నేనే వెళ్ళా.