వాక్యం వినే అభ్యాసం – 4వ పాఠం: రాజు చేతిలోని చాకు

గత పాఠంలో విత్తువాని ఉపమానంలోని త్రోవప్రక్క నేలను చూశాం. అక్కడ విత్తనం లోపలికే దిగదు. ఈ వారం చూడబోయే అడ్డంకి వేరు. మనిషి కుదురుగా కూర్చుని, ఒక్క మాట పోకుండా చివరిదాకా వింటాడు, అయినా వాక్యం అతనికి అందదు. దీన్ని నేర్చుకోవడానికి యిర్మీయా 36వ అధ్యాయాన్ని తీసుకుందాం. ముందుగా ఆ అధ్యాయాన్ని ఒకసారి బిగ్గరగా చదివి, తర్వాత ఈ పాఠానికి రండి.

యిర్మీయా ప్రవక్త చెబుతుండగా అతని లేఖికుడు బారూకు ఒక గ్రంథపు చుట్టలో రాసిన మాటలు, యూదా రాజు యెహోయాకీము ఏలుబడి ఐదవ సంవత్సరం తొమ్మిదవ నెలలో, అంటే క్రీ.పూ. 604 ప్రాంతంలో, యెరూషలేము మందిరంలో ప్రజలందరికీ వినిపించాయి. అది ఉపవాసదినం అన్న సంగతి మరచిపోకండి. ఆ చుట్ట చివరికి రాజు దగ్గరికి చేరింది. రాజు శీతకాలపు నగరులో కూర్చుని ఉన్నాడు, ఎదుట కుంపటి రగులుతోంది. యెహూది అనే వ్యక్తి మూడు నాలుగు పుటలు చదవగానే రాజు ఆ మేరకు చాకుతో కోసి కుంపటిలో వేశాడు. చదువు సాగింది, కోత కూడా సాగింది, చుట్ట అంతా బూడిదయ్యేదాకా. ఆ చాకు కూడా బయటి ఆయుధం కాదు, కలం చెక్కుకోవడానికి లేఖికులు దగ్గర ఉంచుకునేదే.

చుట్టను ఒక్కసారిగా మంటలో పడేసి ఉంటే అది కోపం అనుకోవచ్చు. కానీ ఇతడు విన్నాడు, విన్నంత మేరా కోశాడు. ఎల్నాతాను, దెలాయా, గెమర్యా అనే అధికారులు కాల్చవద్దని బతిమాలినా లెక్కచేయలేదు. ఈ గెమర్యా తండ్రి షాఫానే దాదాపు 18 ఏళ్ల క్రితం, ధర్మశాస్త్ర గ్రంథం మందిరంలో దొరికినప్పుడు, దాన్ని యోషీయా రాజుకు చదివి వినిపించినవాడు. యోషీయా ఆ మాటలు విని తన బట్టలు చింపుకున్నాడు. యెహోయాకీము ఆ యోషీయా కొడుకే. హీబ్రూ మూలంలో చుట్టను కోయడానికీ బట్టలు చింపుకోవడానికీ ‘కారా’ అనే ఒకే క్రియ వాడారు. 23వ వచనంలో రాజు చుట్టను చింపాడు, 24వ వచనంలో రాజుగానీ అతని సేవకులుగానీ తమ బట్టలు చింపుకోలేదు. మాట ముందు చినగవలసింది ఏదో, చినిగింది ఏదో ఆ రెండు వచనాలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఇక అభ్యాసం. మన దగ్గర కుంపటి లేదుగానీ చాకు ఉంది, అది మనసులో చప్పుడు లేకుండా తెగుతుంది. ‘ఇది ఆ కాలపు యూదులకు చెప్పింది’ అనేది ఒక కోత. ‘ఈ మాట మా సంఘంలో ఫలానా వారు వింటే బాగుండేది’ అనేది మరొకటి, ఆదివారం ఆరాధనలో ఎక్కువగా తెగేది ఇదేనని నా అనుమానం. ‘చెప్పే పాస్టరుగారు మాత్రం పాటిస్తున్నారా?’ అనేది ఇంకొకటి. అయితే అర్థంకాక అడిగే ప్రశ్నను కోతగా లెక్కించకండి. దూత మాటకు మరియ ‘ఇదెలా జరుగుతుంది’ అని అడిగింది, బెరయ ఊరివారు పౌలు చెప్పినదాన్ని లేఖనాలతో సరిచూసుకున్నారు. వారెవరినీ బైబిలు తప్పుపట్టలేదు.

ఒక పెన్సిలు తీసుకుని మత్తయి 5:21-26 చదవండి. యెహూదిలాగే మూడు నాలుగు వచనాలకు ఒకసారి ఆగండి. ఎక్కడ మనసు పక్కకు జరిగిందో, ఎక్కడ చదువు వేగం పెరిగిందో అక్కడ అంచున చిన్న గీత పెట్టండి. గీత ఎందుకు పెట్టారో వెంటనే విశ్లేషించవద్దు. మొత్తం చదివాక గీత పడిన వచనాన్ని మాత్రం, ఉన్నది ఉన్నట్టు, చేత్తో నోటుపుస్తకంలో రాయండి.

రాయమని ఎందుకు అంటున్నానంటే, ఈ మత్తయి భాగంలోని 23వ వచనాన్ని నేను ఏళ్ల తరబడి తప్పుగా విన్నాను. సహోదరుని మీద నాకు కోపం ఉంటే వెళ్లి సమాధానపడాలని దాని అర్థం అనుకునేవాణ్ణి. నాకు ఎవరి మీదా కోపం లేదు కాబట్టి ప్రశాంతంగా కానుక వేసి వచ్చేవాణ్ణి. రాసినప్పుడు కలం ఆగింది. అక్కడున్నది నా సహోదరునికి నా మీద విరోధం ఉంటే అని. పొలం గట్టు విషయంలో మా అన్నయ్యకు నా మీద ఉన్న బాధ సంగతి నాకు బాగా తెలుసు. వచనాన్ని తిప్పి వినడం వల్ల దాని నుంచి ఇన్నేళ్లు తప్పించుకున్నాను.

ఇలా వారంలో మూడు రోజులు చేయండి. రెండో రోజున యాకోబు 3:1-12, మూడో రోజున లూకా 12:13-21 తీసుకోండి. గీతలు లేకుండా ఒక భాగం పూర్తయితే దాన్నే మరునాడు మళ్లీ, ఈసారి ఇంట్లో ఎవరిచేతనైనా చదివించుకుని వినండి. ఇతరుల గొంతులో విన్నప్పుడు పడే గీతలు సాధారణంగా వేరేచోట ఉంటాయి. యిర్మీయా 36:32ను కూడా నోటుపుస్తకంలో రాసి ఉంచండి. కాలిపోయిన చుట్టకు బదులు బారూకు రాసిన రెండో చుట్టలో ఏమి చేరిందో అక్కడ కనిపిస్తుంది. వచ్చే పాఠంలో పౌలు మాటలకు భయపడి, వీలైనప్పుడు మళ్లీ పిలిపిస్తానన్న రోమా అధిపతి ఫేలిక్సు దగ్గరికి వెళ్దాం. ఈ నోటుపుస్తకం అప్పుడు కూడా కావాలి.